యుద్ధం గుమ్మం బయటే: ఆర్.సి. షెరిఫ్ నాటకాలు, నవలలు, సినిమాలు

తెర లేచేసరికి ఒక ఆర్మీ కెప్టెన్ కొవ్వొత్తి మంట మీద తడి సాక్సు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాడు. 1918 మార్చి 18 సాయంత్రం. ఉత్తర ఫ్రాన్సులో సెయింట్ క్వెంటిన్ పట్టణానికి ఎదురుగా బ్రిటిష్ వాళ్ల కందకాలు, అందులో నేల కింద తవ్విన ఒక ఇరుకు బంకర్. జర్మన్ల పెద్ద దాడి నేడో రేపో అన్నట్టుంది. కెప్టెన్ గారి ధ్యాస మాత్రం సాక్సు ఆరిందా లేదా అన్నదాని మీదే. మొదటి ప్రపంచ యుద్ధం గురించి వచ్చిన ఇంగ్లీషు నాటకాల్లో ఇప్పటికీ ఆడుతూ ఉన్న 'జర్నీస్ ఎండ్' ఇలా మొదలవుతుంది.

దాన్ని రాసిన రాబర్ట్ సెడ్రిక్ షెరిఫ్ (1896–1975) ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు నాటకం, నవల, సినిమా మూడింటిలోనూ పనిచేశాడు. మూడింటా ఆయన పద్ధతి ఒక్కటే. పెద్ద ఆపదను గుమ్మం బయట నిలబెడతాడు. లోపల ఉన్న మనుషులు తిండి, బట్ట, టైము ఎలా సర్దుకుంటున్నారో రాస్తాడు. బయటిదాని బరువు లోపలి చిన్న పనుల మీద పడుతుంటుంది. అది ఫిరంగే కానక్కర్లేదు, చేతిలోంచి జారిపోతున్న రెండు వారాల సెలవైనా చాలు. కానీ బయట ఏదో ఒకటి ఉండి తీరాలి. లేనప్పుడు ఆయన రాత చప్పబడిపోయింది.

ఈ చూపు ఎక్కడిదో ఆయన ఉద్యోగం చూస్తే తెలుస్తుంది. లండన్ పక్కనే థేమ్స్ ఒడ్డున హాంప్టన్ విక్‌లో పుట్టాడు. తండ్రిది సన్ ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం. కింగ్‌స్టన్ గ్రామర్ స్కూల్లో చదువు ముగించి, 1914లో కొడుకు కూడా అదే కంపెనీలో గుమాస్తాగా చేరాడు. యుద్ధంలో ఈస్ట్ సర్రే రెజిమెంటు 9వ బెటాలియన్‌లో ఆఫీసరుగా పనిచేసి, 1917లో పాషెండేల్ పోరులో గాయపడ్డాడు. యుద్ధం అయ్యాక తిరిగి ఇన్సూరెన్సుకే వచ్చి, పదేళ్లపాటు క్లెయిములు పరిష్కరించే పని చేశాడు. ఏం పోయింది, ఎంత పోయింది, చెప్పిన లెక్క సరిపోతోందా అని వస్తువు వస్తువుగా చూసుకుంటూ పోయే పని అది. నాటకాల్లో ఆయన చేసిందీ దాదాపు అదే.

రాయడం మాత్రం సాహిత్యం మీద మోజుతో మొదలవలేదు. కింగ్‌స్టన్ రోయింగ్ క్లబ్బులో ఆయన సభ్యుడు, క్లబ్బుకు డబ్బు కావాలి. 1921 నుంచి సభ్యులే వేసుకునే చిన్న చిన్న నాటకాలు రాసి పెట్టాడు. ఆ అలవాటే ఆయనకు బడి. ఎవరు ఎప్పుడు లోపలికి రావాలి, రంగం ఎక్కడ తెగాలి, జనం ఎక్కడ నవ్వుతారు అన్నవి టిక్కెట్టు కొన్న ఇరుగుపొరుగు ముందు తేల్చుకున్నాడు. 'జర్నీస్ ఎండ్' నాటికి చెయ్యి తిరిగిపోయింది. ముడిసరుకు మాత్రం యుద్ధభూమి నుంచి ఇంటికి తాను రాసిన ఉత్తరాలు. తల్లి వాటిని దాచి ఉంచింది.

నాటకం కట్టుబడిలో గుమాస్తా చెయ్యి స్పష్టంగా తెలుస్తుంది. మూడు అంకాలు, ఆరు రంగాలు, ఒకే సెట్టు. సోమవారం సాయంత్రం నుంచి గురువారం తెల్లవారుజాము దాకా కథ. ఆ గురువారం మార్చి 21. ఆ రోజు పొద్దున్న 4.40కి జర్మన్ ఫిరంగులు మొదలయ్యాయని 1929లో సీట్లలో కూర్చున్న మాజీ సైనికులకు చెప్పక్కర్లేదు. దాడి గురువారమేనని నాటకంలో తేలిన క్షణం నుంచి ప్రేక్షకుడికి తెలిసింది పాత్రలకు తెలియదు. నాటకానికి కావలసిన బిగువు అంతా అక్కడే వచ్చేసింది, ఇక షెరిఫ్ గొంతు పెంచాల్సిన పని లేదు.

అందుకే ఆయన మిరియాల పొడి గురించి రాశాడు. వంటవాడు మేసన్ సూపులో మిరియాల పొడి లేదని తెలిసి ట్రాటర్ అనే ఆఫీసరు లబోదిబోమంటాడు. అనాస ముక్కలు అనుకుని తెచ్చిన డబ్బాలో ఆప్రికాట్లు బయటపడతాయి. కంపెనీ కమాండర్ స్టాన్‌హోప్‌కు ఆప్రికాట్లు గిట్టవు, ఇప్పుడు ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి అన్నది పెద్ద సమస్య. ట్రాటర్ ఒక కాగితం మీద 144 చిన్న సున్నాలు గీసుకుంటాడు. ముందువరసలో ఉండాల్సింది ఆరు రోజులు, రోజుకు ఇరవైనాలుగు గంటలు. గంట గడిచిన ప్రతిసారీ ఒక సున్నా నింపుతాడు. ఆ కాగితం ఎప్పటికీ నిండదని ప్రేక్షకుడికి తెలుసు.

పగటిపూట శత్రు కందకం మీదికి పంపే చిన్న దాడి నాటకానికి గుండెకాయ. వెళ్లాల్సింది ఇద్దరు ఆఫీసర్లు, పదిమంది జవాన్లు. ఆఫీసర్లలో ఒకడు నలభై అయిదేళ్ల స్కూలు మాస్టారు ఓస్‌బోర్న్, రెండోవాడు బడి నుంచి నేరుగా వచ్చిన పద్దెనిమిదేళ్ల ర్యాలీ. బయలుదేరడానికి ఇంకొన్ని నిమిషాలే ఉంది. దాడి గురించి మాట్లాడుకోకూడదనుకుని, ఇంటి దగ్గరి అడవుల గురించీ, పిల్లల పుస్తకంలోని ఒక తమాషా పద్యం గురించీ కబుర్లు చెప్పుకుంటారు. ఓస్‌బోర్న్ తన వాచీ, ఉంగరం, భార్యకు రాసిన ఉత్తరం అక్కడే వదులుతాడు. పైపు బాగా రాజుకున్నాక దాన్ని వదిలి వెళ్లడం తనకు అస్సలు నచ్చదంటాడు. ఆ తర్వాత వేదిక ఖాళీ. దాడి జరిగేది మెట్ల పైన, మనకు వినిపించేవి శబ్దాలే. ఓస్‌బోర్న్ తిరిగి రాడు. కిందికి వచ్చిన కల్నల్‌కు ముందు కావలసింది పట్టుబడిన జర్మన్ కుర్రాడు ఏం చెప్పాడన్నది. ఎవరు పోయారన్న ప్రశ్న తర్వాత వస్తుంది.

దీన్ని వేసేవాళ్లు సాధారణంగా రెండుచోట్ల దెబ్బతింటారు. మొదటిది శబ్దం. దాడి పైన జరుగుతోంది కదా అని ఆ రెండు నిమిషాలూ చెవులు చిల్లులు పడేలా మోగిస్తే, దానికి ముందు జరిగిన కబుర్ల విలువ పోతుంది. చివరి రంగంలో ఫిరంగి మోత కూడా మాటల అడుగున మెల్లగా పెరగాలి, మాటల మీద పడి తొక్కకూడదు. రెండోది స్టాన్‌హోప్. విస్కీ లేనిదే ఉండలేని మనిషి కనుక నటుడు మొదటి నిమిషం నుంచే కేకలు మొదలుపెడతాడు. మూడేళ్లుగా యుద్ధంలో ఉంటూ, సెలవుకు ఇంటికి పోవడానికి కూడా జంకుతూ ఇరవైయొకటో ఏట కంపెనీని నడుపుతున్న కుర్రాడు అతను, తాగినా డ్యూటీ తప్పనివాడు. ఆ బిగబట్టు కనిపించకపోతే, తర్వాత అతను విరిగిన క్షణం ఎవరికీ పట్టదు.

ఇంత సాఫీగా ఉన్న నాటకాన్ని లండన్ థియేటర్ల యజమానులు ఒక్కొక్కరే తిప్పి పంపారు. యుద్ధం నాటకాలు ఎవరు చూస్తారన్నది ఒక అభ్యంతరం, కథానాయిక లేదన్నది ఇంకొకటి. 1968లో రాసుకున్న ఆత్మకథకు షెరిఫ్ 'నో లీడింగ్ లేడీ' అని పేరు పెట్టింది ఈ రెండో అభ్యంతరాన్ని గుర్తుపెట్టుకునే. చివరికి స్టేజ్ సొసైటీ అనే సంస్థ ముందుకొచ్చి 1928 డిసెంబరు 9 ఆదివారం అపోలో థియేటర్లో వేసింది. మామూలు థియేటర్లు ముట్టని నాటకాలను ఒకటి రెండు ఆటలు వేసి చూపించడం ఆ సంస్థ పని. అలాంటివాళ్ల దగ్గర డబ్బుండదు, ఒకే సెట్టు ఉన్న నాటకం వాళ్లకు వరం. దర్శకుడు అప్పటికి పెద్దగా పేరులేని జేమ్స్ వేల్. స్టాన్‌హోప్ వేషం వేసింది ఇరవైయొక్కేళ్ల లారెన్స్ ఒలివియే. నాటకం లండన్‌లో పెద్ద థియేటర్లుండే వెస్ట్ ఎండ్‌కు వెళ్లేసరికి ఒలివియే ఇంకో పెద్ద ప్రదర్శన ఒప్పుకుని వెళ్లిపోయాడు, అది కాస్తా బోల్తా కొట్టింది. ఆ వేషం కోలిన్ క్లైవ్‌కు దక్కింది.

వెస్ట్ ఎండ్‌లో డబ్బు పెట్టిన కథలో మన దేశానికి ఒక లంకె ఉంది. నిర్మాత మారిస్ బ్రౌన్ వెనక నిలిచింది ఇంగ్లండ్‌లో డార్టింగ్‌టన్ హాల్ ఎస్టేటు నడిపిన దంపతులు లెనార్డ్, డొరతీ ఎల్మ్‌హర్స్ట్. ఆ లెనార్డే 1922లో రవీంద్రనాథ్ టాగూర్ పిలిస్తే వచ్చి శ్రీనికేతన్‌లో గ్రామ పునర్నిర్మాణ పనికి పునాది వేసినవాడు. నాటకం 1929 జనవరి 21న సవాయ్ థియేటర్లో మొదలై 594 ఆటలు ఆడింది. న్యూయార్క్‌లో మరో 485. షెరిఫ్ ఇన్సూరెన్స్ ఉద్యోగం వదిలేశాడు, ఈషర్ ఊళ్లో తనకూ తల్లికీ ఒక పెద్ద ఇల్లు కొన్నాడు.

నాటకం మీద వచ్చిన విమర్శ ఒకటి గట్టిది, ఇప్పటికీ నిలుస్తుంది. ఇది ఆఫీసర్ల నాటకం. పెద్ద బడుల్లో చదివినవాళ్లకు వేదన, కింది తరగతి నుంచి వచ్చిన ట్రాటర్‌కూ వంటవాడు మేసన్‌కూ హాస్యం. కందకంలో నిలబడ్డ మామూలు జవాను గొంతు దాదాపు వినిపించదు. యుద్ధానికి వ్యతిరేకంగా రాయలేదని షెరిఫే చెప్పుకున్నాడు. ఆయన బంకర్ తలుపు ఎవరికి మూసి ఉందన్నది ఆయనకు తట్టినట్టు లేదు.

తర్వాతి నాటకం 'బ్యాడ్జర్స్ గ్రీన్' (1930) ఒక పల్లె, దాని క్రికెట్ మైదానం, కమిటీ పెద్దల తగాదాలు. సరదాగానే ఉంటుంది. ఆడలేదు. ఆపద పేరుకు ఒకటుంది, దాన్ని ఎవరూ నమ్మరు. విమర్శకులు ఆయన్ని ఒక్క నాటకపు మనిషిగా లెక్కేయడం మొదలుపెట్టారు.

అప్పుడు బోగ్నర్ అనే సముద్రతీరపు ఊళ్లో కూర్చుని, దారిన పోయే జనంలో ఒక కుటుంబాన్ని మనసులో పట్టుకుని 'ది ఫోర్ట్‌నైట్ ఇన్ సెప్టెంబర్' నవల రాశాడు. 1931లో విక్టర్ గొలాంజ్ ప్రచురించాడు. లండన్ గుమాస్తా స్టీవెన్స్, భార్య, ముగ్గురు పిల్లలు ఏటా వెళ్లే రెండు వారాల సెలవుకు వెళ్లి తిరిగి వస్తారు. కథ అంతే. ప్రయాణం రోజు ఎవరు ఏ పని చేయాలో స్టీవెన్స్ సైన్యంలో ఆర్డర్లలాగా జాబితా రాస్తాడు. పెంచుకునే పిట్టను పక్కింటికి చేర్చడం కూడా అందులో ఒకటి. క్లాపమ్ జంక్షన్‌లో రైలు మారాలంటే భార్యకు గుండె దడ. వరండా ఉన్న బీచ్ గుడిసె అద్దెకు తీసుకుంటే ఖర్చు ఎంత ఎక్కువవుతుందని భర్త తర్జనభర్జన. వాళ్లు ఏళ్లుగా దిగుతున్న అద్దె ఇల్లు మెల్లగా పాడుబడుతోంది, దుప్పట్లు పలచబడ్డాయి, ఇంటావిడ ఆ సంగతి దాచలేకపోతోంది. వచ్చే ఏడు ఈ అయిదుగురూ కలిసి వస్తారా అన్న సందేహం పుస్తకం అడుగున పారుతూ ఉంటుంది, ఎవరూ పైకి అనరు. నా లెక్కలో ఆయన రాసిన వాటిలో ఉత్తమమైనది ఇదే, నాటకం కంటే కూడా. 2006లో పెర్సెఫోనీ బుక్స్ మళ్లీ అచ్చేసింది. 2020 కోవిడ్ రోజుల్లో నవలా రచయిత కజువో ఇషిగురో దీన్ని చదవమని చెప్పాక కొత్త పాఠకులు దొరికారు.

నవల అచ్చయిన ఏడాదే, ముప్పై అయిదేళ్ల వయసులో, ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో విద్యార్థిగా చేరాడు. ఈలోగా హాలీవుడ్‌లో స్థిరపడిన జేమ్స్ వేల్ నుంచి పిలుపు వచ్చింది. యూనివర్సల్ స్టూడియోకు హెచ్.జి. వెల్స్ 1897 నవల 'ది ఇన్విజిబుల్ మ్యాన్' సినిమాగా కావాలి. అప్పటికే చాలామంది స్క్రిప్టులు రాసి వదిలేశారు. షెరిఫ్ ఆత్మకథ ప్రకారం ఒకటి కథను జార్ల కాలపు రష్యాకు తీసుకెళ్లింది, ఇంకొకటి అంగారకుణ్ణి లాక్కొచ్చింది. ఆయన చేసింది చాలా మామూలు పని: అసలు నవల సంపాదించి చదివాడు, దాని దారిలోనే నడిచాడు. మంచులో సత్రానికి వచ్చే కట్లు కట్టుకున్న అపరిచితుడు, అతని మీద ఊరివాళ్ల ఆరా అలాగే ఉన్నాయి. తీసేసినవీ కలిపినవీ సినిమా అవసరానికే. ఆ కనిపించని మనిషి గ్రిఫిన్‌కు ఒక ప్రియురాలు వచ్చింది. అతని పాత పరిచయస్తుడు కెంప్ నవలలో బతుకుతాడు, సినిమాలో చస్తాడు. మనిషిని మాయం చేసే మందుకు మోనోకేన్ అని పేరొచ్చింది. అది ఇండియాలో పెరిగే పువ్వు నుంచి తీసినదని, రంగును పీల్చేస్తుందని, పిచ్చెక్కిస్తుందని ఒక పాత్ర చెబుతుంది. ఆ పువ్వు మన దేశంలో ఎక్కడ పూస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. పిచ్చి సంగతి వెల్స్‌కు నచ్చలేదు. కానీ డెబ్బై నిమిషాల సినిమాలో శాస్త్రవేత్త హంతకుడిగా మారడానికి అదే అతి దగ్గరి దారి.

షెరిఫ్ చూపు ఏమిటో ఒక సన్నివేశం పట్టిస్తుంది. కనిపించని మనిషి తన ఇబ్బందులన్నీ కెంప్‌కు వరసగా చెబుతాడు. తిన్నాక గంటసేపు దాక్కోవాలి, అరగని తిండి కడుపులో కనిపిస్తుంది. వానలో తిరగకూడదు, నీళ్లు తలమీదా భుజాలమీదా నిలిచి మెరుస్తాయి. పొగమంచు పట్టిన రోజు బుడగలాగా తెలిసిపోతాడు. ఊళ్లో పొగమసి ఒంటికి అంటుకుంటుంది, గోళ్లలో మట్టి కనిపిస్తుంది. సరుకు చాలావరకు వెల్స్‌దే. దాన్ని ఏరి, ఒకచోట పేర్చి, ప్రపంచాన్ని ఏలతానంటున్న ఉన్మాది నోట క్లెయిము ఫారంలాగా చదివించడం షెరిఫ్ పని. నవ్వూ వస్తుంది, నమ్మకమూ కుదురుతుంది. కాగితం మీద ఒక్క వాక్యంలో అయిపోయే మాయ కోసం ట్రిక్ ఫొటోగ్రఫీ నిపుణుడు జాన్ ఫుల్టన్ నటుణ్ణి నల్ల వెల్వెట్ తొడుగులో, నల్ల వెల్వెట్ తెర ముందు నిలబెట్టి తీసి, ఆ తర్వాత సుమారు 4,000 అడుగుల ఫిల్మును, అంటే 64,000 ఫ్రేములను, ఒక్కొక్కటిగా చేత్తో దిద్దించాల్సి వచ్చింది. ఇంత చేసీ ఒక తప్పు మిగిలిపోయింది. చివర్లో గ్రిఫిన్ ఒంటిమీద ఏమీ లేకుండా మంచులో నడుస్తుంటే పడేవి బూట్ల గుర్తులు.

ఆ తర్వాత సినిమా ఆయనకు జీవనాధారమైంది. 'గుడ్‌బై మిస్టర్ చిప్స్' (1939) స్క్రిప్టుకు మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, బహుమతి 'గాన్ విత్ ది విండ్' ఎగరేసుకుపోయింది. చర్చిల్‌కు ఎంతో ఇష్టమైన 'దట్ హామిల్టన్ వుమన్' (1941) వాల్టర్ రైష్‌తో కలిసి రాశాడు. కథలోని నౌకాదళ వీరుడు నెల్సన్, అతని ప్రియురాలు ఎమ్మా ఇద్దరూ పెళ్లయినవాళ్లు, వాళ్ల సంబంధాన్ని తప్పుపట్టకపోతే ఒప్పుకోమని హాలీవుడ్ సెన్సారు అధికారి బిగుసుకున్నాడు. పాస్టరైన నెల్సన్ తండ్రి కొడుకును మందలించే సన్నివేశం ఒకటి అతికించి గట్టెక్కారు. అతుకు అతుకులాగే కనిపిస్తుంది. 'ఆడ్ మ్యాన్ అవుట్' (1947) నవలా రచయిత ఎఫ్.ఎల్. గ్రీన్‌తో కలిసి రాసింది, సామర్‌సెట్ మామ్ కథల 'క్వార్టెట్' (1948) ఒంటరిగా రాసింది.

ఆయన సినిమా రచనలో శిఖరం 'ది డ్యామ్ బస్టర్స్' (1955). 1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్ విమానాలు జర్మనీలోని ఆనకట్టల మీద నీటి మీద గెంతుతూ పోయే బాంబులు వేసిన దాడి. విషయం చూస్తే మోతే మోత. షెరిఫ్ సినిమాలో మొదటి సగమంతా ఇంజనీర్ బార్న్స్ వాలిస్ నీళ్ల తొట్టిలో గోళీలు ఎగరేయడం, కమిటీల ముందు నిలబడి బతిమాలడం, ఫైళ్లు కదలకపోవడం. ప్రయోగానికి వెల్లింగ్టన్ విమానం ఇమ్మంటే ఎందుకిస్తారని ఒక అధికారి అడుగుతాడు. దాన్ని డిజైన్ చేసింది నేనేనని చెబితే ఇస్తారేమో అంటాడు వాలిస్. రెండో సగంలోనూ లెక్కలే నడిపిస్తాయి. నీటికి సరిగ్గా 60 అడుగుల ఎత్తులో ఎగరాలి, ఎత్తు తెలియడానికి విమానం కింద రెండు లైట్లు, వాటి వెలుగు మడుగులు నీటి మీద కలిస్తే ఎత్తు సరిపోయినట్టు. గురికి ఒక చెక్కముక్క, రెండు మేకులు, ఆనకట్ట మీది రెండు బురుజులు.

చరిత్రకు ఆయన చేసిన మార్పులు రెండు రకాలు. లైట్ల ఆలోచన దాడిని నడిపిన పైలట్ గిబ్సన్‌కు థియేటర్లో స్పాట్‌లైట్లు చూస్తుంటే వచ్చినట్టు రాశాడు. నిజానికి అది మంత్రిత్వశాఖలో పనిచేసే బెన్ లాక్‌స్పైజర్ ఇచ్చిన సలహా. అది కథకుడి సొంత నిర్ణయం. బాంబు విషయం వేరు. అసలు బాంబు పీపా ఆకారంలో ఉండి, వదిలేముందు నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిరిగేది. 1955కి అది ఇంకా రహస్యమే, అందుకే తెర మీద గుండ్రటి బంతి దొర్లుతుంది.

వెళ్లిన 133 మందిలో 53 మంది చనిపోయారు, ఎనిమిది విమానాలు తిరిగి రాలేదు. గెలిచిన దాడి సినిమా కదా, బ్యాండు మేళంతో ముగియాలి. షెరిఫ్ ఖాళీ గదులు, ఖాళీ కుర్చీలు చూపించి, ఇంకా కొన్ని ఉత్తరాలు రాయాలని చెప్పి గిబ్సన్‌ను నడిపించుకుపోతాడు. బంకర్ నాటకంలోని మనిషే ఇక్కడా కలం పట్టాడు, ఆ నాటకపు లోపం కూడా వెంట వచ్చింది. ఆనకట్ట తెగిన నీళ్లలో కింద వెయ్యిమందికి పైగా చచ్చారు, వాళ్లలో జర్మన్లు బలవంతంగా తెచ్చిన విదేశీ కూలీలు ఎందరో. సినిమాలో వాళ్లు కొన్ని షాట్ల వరద మాత్రమే. ఆ ఏడాది బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డులు) బ్రిటిష్ స్క్రీన్‌ప్లే విభాగంలో షెరిఫ్‌వి రెండు స్క్రిప్టులు నిలిచాయి, గెలిచింది 'ది లేడీకిల్లర్స్'. జార్జ్ లూకాస్ తర్వాత 'స్టార్ వార్స్' చివరి పోరాటాన్ని మలిచేటప్పుడు ఈ దాడి సన్నివేశాలను ముందు పెట్టుకున్నాడు.

నాటకరంగానికి చివరిసారి గట్టిగా తిరిగొచ్చింది 1950లో, 'హోమ్ ఎట్ సెవెన్'తో. రోజూలాగే ఏడు గంటలకు ఇంటికొచ్చిన బ్యాంకు ఉద్యోగిని చూసి భార్య ఏడుస్తుంది. నిన్న రాత్రి ఆయన ఇంటికే రాలేదట. మధ్యలో ఇరవైనాలుగు గంటలు ఏమయ్యాయో ఆయనకు తెలియదు, ఆ గంటల్లోనే క్లబ్బు డబ్బు పోయింది, ఒక హత్య జరిగింది. రాల్ఫ్ రిచర్డ్‌సన్ వేదిక మీదా, తర్వాత తానే దర్శకత్వం వహించిన సినిమాలోనూ ఆ పాత్ర వేశాడు. 1956లో జాన్ ఓస్‌బోర్న్ 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' వచ్చాక లండన్ నాటకం కోపంగా, బాహాటంగా మాట్లాడటం మొదలుపెట్టింది. షెరిఫ్ పాత్రలు మనసులోని మాటను టీ కప్పు వెనక దాచుకునే రకం. 'ది టెలిస్కోప్' (1957), 'ఎ ష్రెడ్ ఆఫ్ ఎవిడెన్స్' (1960) నిలవలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 'జర్నీస్ ఎండ్' నాటకం చదవచ్చు, రెండున్నర గంటల పని. తర్వాత బోగ్నర్ నవల. వింతలు ఇష్టమైనవాళ్లకు 'ది హాప్‌కిన్స్ మాన్యుస్క్రిప్ట్' (1939) ఉంది. చంద్రుడు భూమి మీద పడబోతుంటే, బాతాఖానీ రాయుడైన ఒక కోళ్ల పెంపకందారు తన కోళ్ల బహుమతుల గురించి బెంగపడుతుంటాడు. నాటకాన్నే వెర్నన్ బార్ట్‌లెట్‌తో కలిసి 1930లో నవలగా విస్తరించిన పుస్తకం జోలికి వెళ్లనక్కర్లేదు. బంకర్ బయటి సంగతులన్నీ అందులో చెప్పేశారు.